డివైడర్ గ్యాపులో కార్లు, ఆటోలు అడ్డం రావడం: హారన్ కొట్టినా ఆగట్లేదు, ఏం చేయాలి?

రెండో గేరు:

హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా రోజూ బండి మీదే డ్యూటీ. ఎన్‌హెచ్ 65. బండి 150 సీసీ, ముందు డిస్కు, వెనక డ్రమ్ము, సింగిల్ ఛానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది, నా బండికి ముందు చక్రానికే ఉంది). స్పీడు మామూలుగా 60, మహా అయితే 65. హెల్మెట్ లేకుండా బండి తీయను. అయినా తరచూ వెంట్రుకవాసిలో తప్పుతోంది.

ఎక్కువగా మూడు రకాలు. ఒకటి, డివైడర్ గ్యాపులో యూటర్న్ కోసం ఆగిన కారు నన్ను చూస్తూనే ముందుకొచ్చేస్తుంది. నేరుగా నా మొహంలోకి చూశాక కూడా. రెండు, ముందు పోతున్న ఆటో చెయ్యి కూడా చూపకుండా ఎడమకి కోసి టక్కున ఆగుతుంది. మూడు, దాబాలు, పెట్రోల్ బంకుల దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండ్లు, చీకటి పడ్డాక మరీ.

అడగాలనుకున్నవి ఇవి. ప్రెషర్ హారన్ పెట్టిస్తే తేడా ఉంటుందా? అదనంగా ఫాగ్ లైట్లు, క్రాష్ గార్డు పెట్టించడం దండగేనా? ముందు బ్రేకు గట్టిగా పడితే పల్టీ కొడతామని, వెనక బ్రేకే తొక్కమని మా వాళ్లంతా చెప్తారు. అది ఎంతవరకు నిజం?

ట్రైనింగ్ గ్రౌండ్:

"నా వైపు చూశాడు కాబట్టి ఆగుతాడు" అనే నమ్మకాన్ని ముందు తీసి పక్కన పెట్టండి. అతని మొహం మీ వైపే ఉంటుంది, కానీ కన్ను వెతికేది లారీని, బస్సుని, కారుని. అవి లేకపోతే రోడ్డు ఖాళీ అని బుర్ర తేల్చేస్తుంది. తల ఇటు నుంచి అటు తిప్పేటప్పుడు చూపు సాఫీగా జరగదు, గెంతుతూ పోతుంది. ఒక గెంతుకీ ఇంకో గెంతుకీ మధ్య ఉన్నది మెదడులో పడదు. సన్నటి బండి ఆ మధ్యలో మాయమైపోతుంది. ముందు అద్దం పక్కనుండే పిల్లర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, 30 మీటర్ల దూరంలో మనిషితో సహా బండిని దాచేస్తుంది.

చూసినా సరే, మీ వేగం అతనికి అంతు చిక్కదు. ఎదురుగా వచ్చే వస్తువు ఎంత తొందరగా పెద్దదవుతోందో దాన్ని బట్టే కన్ను వేగం లెక్క కడుతుంది. 100 మీటర్ల అవతల మీ బండి వెడల్పు, చాచిన చేతి చిటికెన వేలి గోరులో సగం. 60 స్పీడులో 3 సెకన్లకు 50 మీటర్లకి వస్తారు, అప్పుడు ఒక గోరంత. అంటే 3 సెకన్ల పాటు అతనికి పెద్దగా మార్పేమీ కనబడలేదు, "మెల్లగా వస్తున్నాడులే" అనుకుని క్లచ్ వదిలాడు. తర్వాతి సెకన్నరలో మీరు 25 మీటర్లకు వచ్చేసరికి అతని ముందు చక్రాలు మీ లేన్లో ఉంటాయి. కావాలని చేసేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ ఎక్కువమంది విషయంలో జరిగేది ఇదే, తిట్టుకోవడం వల్ల మారదు.

ఇక దూరాల లెక్క. 60 స్పీడంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ప్రమాదం అర్థమై చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను, అంటే 17 మీటర్లు పోయినట్టే. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేస్తే ఇంకో 21. మొత్తం 38 మీటర్లు. అదే 45లో ఉంటే మొత్తం 25 లోపే. ఇంకోలా చెప్తాను: 45తో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోట, 60తో వచ్చిన బండి ఇంకా 45కి పైనే పరుగెడుతూ ఉంటుంది. మీకు కావాల్సింది కొత్త హారన్ కాదు, ఈ 13 మీటర్లు. రోడ్డంతా 45లో పొమ్మనడం లేదు, గ్యాపు దగ్గర మాత్రమే.

గ్యాపు దగ్గర పద్ధతి. 150 మీటర్ల ముందే అక్కడ బండ్లు నిలబడ్డాయా అని చూడండి. ఒక్కటున్నా యాక్సిలరేటర్ వదిలేసి 45కి దింపండి, వెనకవాడికి తెలిసేలా బ్రేకు లీవరు తేలిగ్గా తాకి లైటు రెండుసార్లు వెలిగించండి. రెండు వేళ్లు ముందు బ్రేకు మీద ఆనించి ఉంచండి, దాని వల్లే 3 నుంచి 5 మీటర్లు మిగులుతాయి. డివైడర్ పక్క లేన్లో ఉంటే అద్దం చూసుకుని ఎడమ లేన్లోకి రండి, అంచుకి మాత్రం పోవద్దు. మీ లేన్లోనే ఒకసారి కొద్దిగా కుడికి, మళ్లీ ఎడమకి జరగండి. నేరుగా ఎదురొచ్చే వస్తువు కన్నా పక్కకి కదిలే వస్తువుని కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది. వీలైతే మీకూ గ్యాపుకీ మధ్య ఒక కారు ఉండేలా దాని పక్కనే పొండి. మీ కోసం ఆగనివాడు దాని కోసం ఆగుతాడు.

డ్రైవరు మొహం చూడొద్దు, ముందు చక్రం చూడండి. బాడీ కదిలిందో లేదో తెలిసేలోపే చక్రం తిరగడం కనబడుతుంది. మొదటి కారు మీకు దారిచ్చి ఆగినా, దాని పక్క నుంచి, వెనక నుంచి ఇంకోటి దూరుతుంది. మొదటిది వెళ్లిపోతే రెండోది రోడ్డు చూడకుండా దాని తోక పట్టుకుని వచ్చేస్తుంది. గ్యాపులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి.

అయినా వచ్చేశాడనుకోండి. మామూలు కారు పూర్తిగా తిరగడానికి 10 మీటర్ల వెడల్పు కావాలి, మీ రెండు లేన్లు కలిపితే 7 మీటర్లే. అంటే అది రెండు లేన్లనీ ఊడ్చుకుంటూ ఎడమ అంచు దాకా వస్తుంది. దాని ముందు నుంచి ఎడమకి తప్పించుకుందామనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ముందు నిటారుగా బ్రేకు, మిగిలిన వేగంతో తప్పించుకోక తప్పకపోతే దాని తోక వైపు, అదీ వెనక రెండో బండి లేకపోతేనే.

హారన్: కొట్టండి, కానీ 100 మీటర్ల ముందే, ఒక్కసారి, సమాచారం కింద. అద్దాలెక్కించి ఏసీలో పాటలు వింటున్నవాడికి చివరి సెకనులో కొట్టే హారన్ ఎంత పెద్దదైనా ఒకటే, వినబడి కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికి మీరు అక్కడికి చేరిపోతారు. ప్రెషర్ హారన్లు, రకరకాల స్వరాల హారన్లు మోటారు వాహనాల నిబంధనలు 119 కింద నిషేధం కూడా. డిప్పర్ కొట్టడంలో, అంటే హెడ్‌లైటు టకటకా వెలిగించి చూపడంలో, ఇంకో ప్రమాదం ఉంది. మన దగ్గర దాని అర్థం "నేనొస్తున్నా, ఆగు". కొంతమందికి మాత్రం "నువ్వు పో". బయటి దేశాల్లో నడిపి వచ్చినవాళ్లు రెండోదే అనుకుంటారు. ఎదుటివాడు ఆగి ఉంటే కొట్టకపోవడమే మంచిది.

స్టీరింగ్ సీటు:

పైన చెప్పినదంతా కరెక్టే. లారీ, బస్సు, ఆటో సంగతి నేను చెప్తా తమ్ముడూ, అవి సీట్లో కూర్చుంటే వేరేగా కనబడతయ్.

లారీ క్యాబిన్ ఎత్తు మీదుంటది. బానెట్ ముందర రెండు మీటర్ల దాకా నేల కనబడదు. సిగ్నల్ దగ్గర లారీ ముందుకు దూరి బంపర్‌కి ఆనుకుని నిలబడే బండ్లు డ్రైవరుకి లేనట్టే లెక్క. డ్రైవరు కూర్చునేది కుడి పక్క, అందుకని ఎడమ పక్కంతా గుడ్డిది. ఎడమ డోరు కింద నుంచి వెనక చక్రం దాకా బండి పెడితే అద్దంలో కూడా రాదు, క్లీనర్ తల బయట పెడితే తప్ప. డ్రైవరు మొహం వాడి అద్దంలో నీకు కనబడకపోతే నువ్వు వాడికి కనబడనట్టే. అద్దంలో మొహం కనబడ్డా, వాడు అప్పుడు అటే చూస్తున్నాడని గ్యారంటీ లేదు.

ఎడమకి తిరిగే ట్రాలీ, కంటైనర్ ముందు కుడికి పోతది, తర్వాత ఎడమకి తిరుగుతది. ఎందుకంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తయ్. కుడికి జరిగింది కదా, ఎడమ సందు ఖాళీ అయిందని దూరినోడు ఆ వెనక చక్రాల కిందికే పోతడు. కూడలి దగ్గర పెద్ద బండికి ఎడమ పక్కన ఎప్పుడూ ఉండొద్దు, ఇందులో మినహాయింపు లేదు.

ఇంకోటి, కుడి ఇండికేటర్. హైవే మీద లారీ కుడి ఇండికేటర్ వేస్తే రెండర్థాలు. ఒకటి, నేను కుడికి పోతున్నా. రెండు, ఎదురు ఖాళీ ఉంది, నువ్వు ఓవర్‌టేక్ చేసుకో. ఎట్ల తెలుస్తది? ముందర గ్యాపో, కుడి పక్క బంకో, దాబానో ఉందా చూడు. బ్రేకు లైటు పడిందా, స్పీడు తగ్గుతుందా చూడు. ఇవేవైనా ఉంటే అది మలుపే. ఇవేమీ లేకుండా స్పీడు అట్లనే ఉండి, లారీ కొంచెం ఎడమకి జరిగితేనే దారిచ్చినట్టు. అనుమానం ఉంటే వెనకే ఉండు, ఓ నిమిషం పోతది అంతే.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు పక్కనే వేలాడొద్దు. 80లో పోయే బస్సు పక్కకు చేరంగనే గాలి ముందు లోపలికి గుంజుతది, ముందు కొస దాటంగనే బయటికి నూకుతది. కనీసం మీటరున్నర వదిలి, మోకాళ్లతో ట్యాంకు పట్టి, భుజాలు వదులుగా ఉంచి తొందరగా దాటు. పట్ట కింద నుంచి వేలాడే తాళ్లు, బయటికొచ్చిన ఇనుప రాడ్లు, ఇసుక టిప్పర్ల నుంచి కారే నీళ్లు, వీటి కోసమన్నా వెనక దూరం ఉండాలె.

ఆర్టీసీ బస్సు స్టాపులో ఉంటే కుడి నుంచి దాటేటప్పుడు చెవులు తెరుచుకుని ఉండు. కండక్టర్ "రైట్ రైట్" అన్నడంటే బస్సు ఇండికేటర్ లేకుండానే బయటికొస్తది. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య నుంచి మాత్రం పోనే పోవద్దు, దిగేటోళ్లు నేరుగా నీ ముందుకే దిగుతరు.

ఆటో: ఇండికేటర్ చూడకు, డ్రైవరు తల చూడు. తల ఎడమ పక్కకి, ఫుట్‌పాత్ దిక్కు తిరిగి ఉందంటే సవారీ కోసం చూస్తుండు, ఏ క్షణమైనా ఎడమకి కోస్తడు. కుడి పక్కకి వంగి బయటికి చూస్తుండంటే యూటర్న్ కొట్టొచ్చు, ఉమ్మొచ్చు, రెండూ నీకు మంచివి కావు. ఖాళీ ఆటో ప్రమాదం ఎక్కువ. ఒకటే ముందు చక్రం కాబట్టి ఉన్న చోటే తిరిగిపోతది. ఆటో ఎడమ వైపు నుంచి దాటొద్దు, కుడి నుంచి దాటినా రెండు మీటర్లు వదులు, దాని కన్నా 15, 20 స్పీడు మించి తేడా ఉంచకు.

వర్క్‌షాప్ వీధి:

సామాను గురించి అడిగారు కదా అన్నా, దానికి నేను.

ఫాగ్ లైట్లు దండగ కాదు, కానీ అందరూ పెట్టించే విధంగా పెట్టిస్తే దండగే. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, పగలు దాంతో సరిపోతుంది. రాత్రి ఒక్క లైటే కనబడితే ఎదుటివాడికి దూరం అంచనా అందదు. హెడ్‌లైటు కింద, రెండు పక్కలా ఎడంగా రెండు చిన్న లైట్లుంటే ముక్కోణం ఏర్పడుతుంది, దగ్గరకొస్తున్న కొద్దీ ఆ కోణం విచ్చుకోవడం కంటికి తెలుస్తుంది. ఉపయోగం అదీ. రెండూ కలిపి 20 వాట్ల ఎల్ఈడీ చాలు. రిలే, విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు లేకుండా హెడ్‌లైటు వైరుకే అతికిస్తే వైరింగు కాలుతుంది. బిగించాక మీరు సీటు మీద కూర్చుని, గోడకి 5 మీటర్ల దూరంలో పెట్టి చూడండి, వెలుగు పై అంచు లైటు ఎత్తు కన్నా కనీసం 5, 6 సెంటీమీటర్లు కిందకి పడాలి. కళ్లలోకి కొడితే ఎదుటివాడు గుడ్డివాడై మీ మీదకే వస్తాడు. మినుకుమినుకుమనే నీలం, ఎరుపు లైట్లు అసలు వద్దు.

క్రాష్ గార్డు వల్ల బండి పక్కకి పడ్డప్పుడు కాలు ట్యాంకు కింద నలగదు, ఇంజన్ కవరు పగలదు. కారు గుద్దితే ఆపేదేమీ ఉండదు. హ్యాండిల్ కన్నా వెడల్పున్నది వద్దు, సందుల్లో పక్క బండికి తగిలి అదే పడేస్తుంది.

ఈ రెండింటి కన్నా ముందు చూడాల్సింది టైరు. ద్విచక్ర వాహనానికి చట్టం ప్రకారం కనీస గాడి లోతు 0.8 మిల్లీమీటర్లు, కానీ వానలో అంత అరిగిన టైరు మీద బ్రేకు నమ్మకండి. గాడుల మధ్య చిన్న దిమ్మలుంటాయి, రబ్బరు వాటితో సమానమైతే మార్చేయాల్సిందే. పక్కన నాలుగంకెలు చూడండి, 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. గాడి ఉన్నా పాతబడిన రబ్బరు గట్టిపడి జారుతుంది, గోరుతో నొక్కితే దిగదు. గాలి వారానికోసారి, బండి నడపక ముందు చల్లగా ఉన్నప్పుడు, చైన్ కవరు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నంత. బంకులో కుర్రాడు అన్ని బండ్లకూ ఒకే నంబరు పెట్టేస్తాడు, మీ నంబరు చెప్పి గాలి కొట్టించుకోండి.

బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డబ్బా మూత మీద డాట్ 3 అనో 4 అనో ఉంటుంది, అదే పోయాలి. లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వస్తోందంటే గాలి చేరింది. వెనక డ్రమ్ము పెడలు 20, 30 మిల్లీమీటర్ల ఆట తర్వాత పట్టాలి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి 200 కిలోమీటర్లు పూర్తి పట్టు రాదు. చైన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు వెనక టైరు మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టండి.

రెండో గేరు:

చాలా థాంక్స్ అందరికీ. ముందు బ్రేకు ప్రశ్న మిగిలిపోయింది. ఏబీఎస్ ముందు చక్రానికే ఉంది కాబట్టి వెనకది లాక్ అవుతుంది కదా, అప్పుడేం చేయాలి? ఇంకోటి, మావాళ్లు "ఎడమ అంచునే పో, ఎవరితో గొడవ ఉండదు" అంటారు.

ట్రైనింగ్ గ్రౌండ్:

మామూలు బండిని ముందు బ్రేకు పల్టీ కొట్టించదు. పల్టీ కొట్టించేది ఒక్కసారిగా గుంజడం, లేదా హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, బండి వంగి ఉన్నప్పుడు గుంజడం. బ్రేకు పడగానే బరువంతా ముందుకొస్తుంది, ముందు టైరు నేలకి అదుముకుంటుంది, వెనకది తేలికవుతుంది. అందుకే ఆపే శక్తిలో దాదాపు 70 శాతం ముందు నుంచే రావాలి. వెనకది మాత్రమే తొక్కితే ఆగే దూరం రెట్టింపు దాకా పోతుంది, పైగా జారుతుంది.

ఖాళీ మైదానంలో, ఆదివారం పొద్దున్నే, ఇలా చేసి చూడండి. సుద్దతో గీత గీయండి. 30 స్పీడులో వచ్చి గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టండి. లీవరు మొదట ప్యాడు ఆనేదాకా, అర క్షణం ఆగి ముందు ఫోర్కు కిందికి దిగడం తెలిశాక గట్టిగా. చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా. క్లచ్ పట్టి గేర్లు దించుతూ రండి, ఆగేసరికి మొదటి గేరులో ఉండాలి, వెనక నుంచి ఎవడైనా దూసుకొస్తే కదలడానికి. ఆగాక అడుగులతో కొలవండి. పది సార్లయ్యాక 40కి పెంచండి. 40 నుంచి గీత దాటాక 10, 11 మీటర్లలో ఆగగలిగితే బాగా వచ్చినట్టు. 50 దాటించాల్సిన పని లేదు.

ముందు ఏబీఎస్ పనిచేస్తే లీవరు వేళ్ల కింద దడదడమంటుంది. అక్కడే ఎక్కువమంది భయపడి వదిలేస్తారు. వదలొద్దు, పట్టే ఉంచండి. ఏబీఎస్ లేని బండిలో ముందు చక్రం లాక్ అయితే ఆ క్షణంలోనే కాస్త వదిలి మళ్లీ పట్టాలి. వెనకది లాక్ అయి తోక ఊగితే, బండి నేరుగా ఉన్నంతసేపు మెల్లగా పెడలు వదలండి. తోక బాగా పక్కకి పోయాక మాత్రం టక్కున వదలకండి. టైరుకి పట్టు ఒక్కసారిగా దొరికి బండి మిమ్మల్ని అటుపక్కకి ఎత్తి విసిరేస్తుంది.

సీబీఎస్ (ఒక లీవరుతో రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు) ఉన్న స్కూటర్లవాళ్లకు ఒక మాట. 125 సీసీ వరకు బండ్లకు సీబీఎస్సో ఏబీఎస్సో 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు, చాలా కంపెనీలు సీబీఎస్ ఇచ్చాయి. ఎడమ లీవరు పడితే రెండు చక్రాలకూ పడుతుంది కానీ ముందుకి వెళ్లేది కొంతే. అత్యవసరంలో రెండు లీవర్లూ పట్టాలి.

తప్పించుకోవడం, బ్రేకు వేయడం రెండూ ఒకేసారి వద్దు. బ్రేకు వదిలి, ఎటు పోవాలో ఆ పక్క గ్రిప్‌ని ముందుకి తోయండి. ఎడమకి పోవాలంటే ఎడమ గ్రిప్. చూపు ఖాళీ మీద ఉండాలి, కారు బంపర్ చూస్తే బంపర్‌కే పోతారు.

ఎడమ అంచు సలహా నాకు నచ్చదు. గుంతలు, కంకర, గాజుముక్కలు, కార్ల తలుపులు, సందుల్లోంచి దూకే బండ్లు, రాంగ్ రూట్ బండ్లు, అన్నీ అక్కడే. పైగా అంచున ఉంటే వెనక కారు అదే లేన్లో మిమ్మల్ని నెట్టి దూరుతుంది. ఎడమ లేన్లో కారు కుడి చక్రం పోయే గాడిలో ఉండండి. లేన్ నడిమధ్యలో వద్దు, ఆయిలు మరకలుంటాయి. ముందు కారుకి రెండు సెకన్ల ఎడం, వానలో నాలుగు. కారు గుంతని చక్రాల మధ్యలో పెట్టి దాటేస్తుంది, మధ్యలో పోయే బండికి ఆ గుంత కారు కింద నుంచి ఒక్కసారిగా ఊడిపడుతుంది. గాడిలో ఉంటే ఆ బెడద ఉండదు.

ఆగి ఉన్న కార్ల వరస పక్కన మీటరున్నర వదలండి. అంత చోటు లేకపోతే 20కి దింపండి. ఇప్పుడే బ్రేకు లైటు ఆరిన కారు, డ్రైవరు సీట్లో తల కనబడే కారు, సవారీ దింపే క్యాబు, ఈ మూడింటి తలుపు తెరుచుకుంటుందనే అనుకోండి.

గోదావరి గట్టు:

అంచు విషయంలో కాస్త తేడా అండి. నాలుగు లేన్ల హైవే మీద మీరన్నది నూటికి నూరుపాళ్లు. మా పక్క ఊరి రోడ్ల మీద, రెండు బస్సులు పట్టని చోట, ఎదురు బస్సొస్తే అంచు దిగక తప్పదు. కాకపోతే తారు అంచుకీ మట్టికీ మధ్య మెట్టు ఉంటుంది. నడుస్తూ దిగితే, మళ్లీ ఎక్కేటప్పుడు ముందు చక్రం ఆ మెట్టుని రాసుకుని పడేస్తుంది. స్పీడు బాగా తగ్గించి, కాస్త అడ్డంగా ఎక్కాలి, ఒరుసుకుంటూ కాదు.

రాంగ్ రూట్ వాడు ఎప్పుడూ అంచు పట్టుకునే వస్తాడు, వాడి లెక్కలో అంచు వాడిది. చీకట్లో కనబడగానే ముందు స్పీడు తగ్గించండి, అద్దం చూసుకుని రోడ్డు మధ్య వైపుకి ముందే జరగండి, జరిగాక ఆ దారి మార్చకండి. ఇద్దరూ ఒకే పక్కకి తప్పుకోబోయి గుద్దుకోవడం ఇక్కడే జరుగుతుంది. అలా నడపడం 2019 సవరణ తర్వాత 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగే. కానీ రోడ్డు మీద ఎదురెదురుగా ఉన్నప్పుడు సెక్షన్ గుర్తు చేస్తే లాభం లేదండి.

పంట కాలంలో ధాన్యం ఆరబోత సంగతి ఎవరూ చెప్పలేదు. సగం రోడ్డు వడ్లు, చుట్టూ రాళ్లు, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. తారు మీద నల్ల పట్టా హెడ్‌లైటుకి కనబడదు, రాయి తగిలాకే తెలుస్తుంది. ఎదురు బండి కూడా మిగిలిన సగంలోనే వస్తుంది. గింజల మీద టైరు దొర్లుతుంది తప్ప పట్టదు. ఎక్కేస్తే బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా, యాక్సిలరేటర్ మాత్రం వదిలి దాటాలి. ఆ నెలల్లో ఊరి రోడ్ల మీద రాత్రి 40 దాటొద్దు. వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు, వరికోత మిషన్లు కూడా అప్పుడే తిరుగుతాయి. ఎదురు లైటు కళ్లు కొడితే రోడ్డు ఎడమ తెల్ల గీత చూస్తూ స్పీడు దించండి. గేదెల మందలో ఒకటి దాటిందంటే దాని వెనక ఇంకోటి ఉందనే లెక్క.

వాన మొదలైన తొలి పావుగంట అన్నిటికన్నా పాడుది, దుమ్మూ ఆయిలూ కలిసి పైకి తేలతాయి. తెల్ల పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుప పట్టీలు, వీటి మీద బ్రేకు గానీ వంపు గానీ వద్దు.

రెండో గేరు:

చివరిగా ఒకటి. బండి స్టార్ట్ చేశాక ఏబీఎస్ లైటు వెలిగే ఉంటుంది, కొద్దిగా కదిలాక ఆరిపోతుంది. ఇది మామూలేనా? హెల్మెట్ కూడా కాస్త వదులైంది, లోపల స్పాంజి వేసుకోవచ్చా?

వర్క్‌షాప్ వీధి:

లైటు మామూలే. చక్రం తిరిగితేనే సెన్సార్ నుంచి సిగ్నల్ వస్తుంది, 5, 10 స్పీడు దాటగానే ఆరాలి. ఆరకుండా ఉంటే ఏబీఎస్ పనిచేయట్లేదు, మామూలు బ్రేకు ఉంటుంది. ముందు డిస్కు పక్కన గాట్లున్న చిన్న రింగు, దాని ఎదురుగా సెన్సారు ఉంటాయి, అక్కడ బురద పట్టి ఉంటే మెత్తటి బ్రష్షుతో తుడవండి. ప్రెషర్ వాష్ నేరుగా అక్కడ కొట్టించొద్దు. అప్పటికీ ఆరకపోతే వైరు తెగిందా, సెన్సారు దూరం పెరిగిందా అని సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టించాలి.

హెల్మెట్‌కి స్పాంజి వద్దన్నా. బెల్టు పెట్టి, వెనక అంచు పట్టుకుని ముందుకి లేపి చూడండి, ఊడొస్తే మార్చాల్సిందే. లోపలి బుగ్గ ప్యాడ్లు విడిగా దొరికే మోడల్ అయితే అవి మార్చి మళ్లీ చూడండి. కొత్తది కొంటే 4151 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి, 2021 జూన్ నుంచి అది లేకుండా అమ్మకూడదు. బెల్టు కింద రెండు వేళ్లు పట్టాలి, మూడు పడితే వదులే. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది, రెండో దెబ్బకి పనికిరాదు. రాత్రి డ్యూటీ ఉంటే నల్ల అద్దం తీసేసి తెల్లది వేయించండి. గీతలు పడ్డ అద్దంలో ఎదురు లైటు చిట్లి రోడ్డే కనబడదు, విడి అద్దం దొరుకుతుంది, దానికోసం హెల్మెట్ మార్చక్కర్లేదు.